బ్యాంకాక్ ఎయిర్‌పోర్ట్ నుంచి ఊళ్లోకి: రైలా, ట్యాక్సీనా?

సువర్ణభూమి ఎయిర్‌పోర్ట్‌లో దిగి ఒక్కరే ఉంటే, సామాను తక్కువైతే, నా ఓటు రైలుకే. ఎయిర్‌పోర్ట్ రైల్ లింక్ టెర్మినల్ బేస్‌మెంట్‌లోనే దొరుకుతుంది. టికెట్ 15 నుంచి 45 బాత్‌లు (థాయ్ కరెన్సీ). చివరి స్టేషన్ ఫయా థాయ్‌కి అరగంట లోపే చేరుస్తుంది. అక్కడ ఊళ్లో తిరిగే బీటీఎస్ స్కైట్రైన్ (వంతెనల మీద నడిచే రైలు) ఎక్కొచ్చు. దారిలో మక్కాసన్ స్టేషన్లో దిగి కాస్త నడిస్తే మెట్రో దొరుకుతుంది. ట్రాఫిక్ టెన్షన్ లేదు. కాకపోతే అర్ధరాత్రి దాటాక రైళ్లుండవు, సాయంత్రం ఆఫీసులు వదిలే వేళ పెద్ద సూట్‌కేసుతో ఎక్కడం మాత్రం నరకమే.

ట్యాక్సీ కావాలంటే ఒకటో నంబరు ఫ్లోర్‌లో (అంటే మన లెక్కలో గ్రౌండ్ ఫ్లోర్) మిషన్ దగ్గర స్లిప్ తీసుకోవాలి. మీ కారు ఏ నంబరు దగ్గర ఆగి ఉందో అందులో ఉంటుంది. ఆ స్లిప్ డ్రైవర్ చేతికివ్వకుండా మీ దగ్గరే ఉంచుకోండి, ఏదైనా గొడవైతే ఆధారం అదే. మామూలు కారుకు మీటర్ 35 బాత్‌లతో మొదలవుతుంది. దానిమీద ఎయిర్‌పోర్ట్ ఛార్జీ, ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కితే టోల్ కూడా మనమే కట్టాలి. "మీటర్ వద్దు, ఇంత ఇవ్వండి" అంటే దిగిపోవడమే మంచిది.

బస సుఖుమ్‌విత్ ఏరియాలో అయితే రైలు. ఖావ్ సాన్ రోడ్ వైపైతే దగ్గర్లో స్టేషనే లేదు, పిల్లాపాపలతో ఉంటే ఇక ఆలోచించకుండా ట్యాక్సీ ఎక్కేయండి.