మూడు వానాకాలాల తర్వాత కప్లర్ విప్పాను

మొన్న నా కారు కుడి హెడ్‌లైటు కప్లర్ (తీగలను బల్బుకు కలిపే ప్లాస్టిక్ ప్లగ్గు) విప్పి చూస్తే లోపలి లోహపు పిన్నులు కొత్తవాటిలా మెరుస్తున్నాయి. విశాఖలో, సముద్రానికి అర కిలోమీటరు లోపే, ఆరుబయట నిలిపే కారు అది. ఏటా రంగు వేసినా మా కిటికీ ఊచలకు తుప్పు ఆగదు. అలాంటి గాలిలో ఒక చిన్న సిలికాన్ గ్రీజు ట్యూబు ఇంత పని చేస్తుందని అనుకోలేదు.

దాన్ని కొనడానికి ముందు చాలా డబ్బు దండగ చేశాను. ఒక అక్టోబరు రాత్రి శ్రీకాకుళం నుంచి వానలో వస్తుంటే కుడి లైటు మసకబారింది. పూర్తిగా ఆరిపోయినా బాగుండేది, కారణం త్వరగా దొరికేది. మొదటి మెకానిక్ బల్బు మార్చాడు. రెండో ఆయన బ్యాటరీ పోయిందన్నాడు, కొత్తది కొన్నాను. ఎండ కాసిన రోజుల్లో లైటు దానంతటదే కాస్త కోలుకునేది కాబట్టి ఇద్దరినీ నమ్మాను. వాన పడితే మళ్లీ అదే గుడ్డి వెలుతురు. చివరకు అటక మీది మల్టీమీటర్ దించి, లైటు వేసి కొలిచాను. బ్యాటరీ దగ్గర 12.4 వోల్టులు, బల్బు దగ్గర 10.6. హాలోజెన్ బల్బుకు ఆ మాత్రం తగ్గితే వెలుతురు నలభై శాతం దాకా పోతుంది. కప్లర్ లాగితే పిన్నుల నిండా చిలుము, తోమని ఇత్తడి బిందెకు పట్టినట్టు పచ్చగా. వేడికి ప్లాస్టిక్ కూడా గోధుమ రంగుకు తిరిగింది. ఆ బ్యాటరీ బిల్లు గుర్తొస్తే ఇప్పటికీ కడుపు మండుతుంది.

కప్లర్ కొత్తది వేయించి, ఈసారి పిన్నులకు గ్రీజు రాశాను. విద్యుత్తును ప్రవహింపనివ్వని గ్రీజును పిన్నులకు రాయడమేమిటని మా మెకానిక్ నవ్వాడు. నాకూ అదే అనుమానం ఉండేది. కానీ పిన్ను బిగుతుగా దిగేటప్పుడు లోహం లోహాన్ని తాకే చోట గ్రీజు పక్కకు జరిగిపోతుంది. చుట్టూ మిగిలిన సందుల్లో నిలిచి, ఉప్పు తేమను రానివ్వదు. ఆ పిన్నులే మొన్న మెరుస్తూ కనిపించాయి.

మొదటి ఏడాది ఈ గ్రీజును అందరికీ సిఫారసు చేశాను. ఇప్పుడైతే కాస్త తగ్గించి చెబుతాను. వెనక లైటు కప్లర్‌లో అప్పటికే కొద్దిగా పచ్చదనం ఉంది. బద్ధకించి, దాన్ని శుభ్రం చేయకుండానే పైన గ్రీజు పూసేశాను. లోపలి తేమను నేనే మూతపెట్టి దాచినట్టయింది. ఏడాదికల్లా చిలుము తీగ తొడుగు లోపలికి పాకింది. రెండు అంగుళాలు కోసి చూసినా రాగి నల్లగానే ఉంది, చివరకు తీగ మార్చాల్సి వచ్చింది. ముందు కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, బ్రష్‌తో రుద్ది, బాగా ఆరనిచ్చాకే గ్రీజు రాయాలి. బిందెను తోమినట్టు చింతపండుతో తోమాలని మాత్రం అనుకోకండి, ఆ పులుపు లోపల మిగిలితే కొత్త చిలుము మొదలవుతుంది.

ఇంకో తప్పు, ఎక్కువైతే మేలని ఒక కప్లర్‌ను అంచుల దాకా నింపాను. లోపలి గాలికి దారి లేక అది లాక్ దాకా దిగలేదు, సగం గ్రీజు గుడ్డతో తీసేశాక గాని పట్టలేదు. స్విచ్చుల లోపల, రిలేల (కరెంటుతో పనిచేసే స్విచ్చుల) లోపల అసలే రాయను. కాంటాక్టుల దగ్గర నిప్పురవ్వ లేచినప్పుడు సిలికాన్ కాలి ఇసుకలాంటి పొర కడుతుంది, ఆ పొర గుండా కరెంటు పోదు.

అసలు దెబ్బ పోయిన ఏడాది తగిలింది. అదే కుడి లైటు మళ్లీ మసకబారింది. గ్రీజు మోసం చేసిందనుకుని కప్లర్ లాగితే లోపల శుభ్రంగా ఉంది. తుప్పు పట్టింది బాడీకి బిగించిన ఎర్త్ బోల్టు, లైటు నుంచి కరెంటు బ్యాటరీకి తిరిగి వెళ్లే దారి అదే. దాని జోలికి నేను ఎప్పుడూ పోలేదు. ఉప్పు కాగితంతో లోహం కనిపించేదాకా గీకి, బిగించి, పైన గ్రీజు రాశాక లైటు మామూలైంది. నా సంబరంలో కొంత ఆ రోజే దిగిపోయింది.

హైదరాబాద్‌లో మా బావమరిది కారుకూ రాద్దామని దసరాకు ట్యూబు పట్టుకెళ్లాను. అతనిది ఎనిమిదేళ్ల కారు, అపార్ట్‌మెంట్ సెల్లారులో ఉంటుంది. నాలుగు కప్లర్లు విప్పి చూశాం. ఏ గ్రీజూ లేకుండానే నాలుగూ శుభ్రంగా ఉన్నాయి. ట్యూబు మళ్లీ సంచిలో పెట్టుకుని వచ్చేశాను.