10 వేలు మైకుకా, గదికా? ఇంట్లో గొంతు రికార్డింగ్‌కి ఏది మేలు?

మా కింది ఫ్లోర్‌లో ఉండే కుర్రాడు భక్తిపాటలు పాడి యూట్యూబ్‌లో పెడతాడు. మంచి గొంతు, శ్రుతి కదలదు. మొన్న పైకొచ్చి, "అక్కా, 10 వేలు పోగేశాను. కండెన్సర్ మైకు కొందామనుకుంటున్నా. పాట బాగుంది కానీ మాటలు తెలియట్లేదని అందరూ అంటున్నారు" అన్నాడు. ఇప్పటిదాకా పాడుతున్నది తెలిసినవాళ్ల దగ్గర అడిగి తెచ్చుకున్న ఎస్‌ఎమ్58 మైకుతోనట.

"మైకు సంగతి తర్వాత. ముందు మీ గది చూపించు తమ్ముడూ" అన్నాను.

మా హైదరాబాద్ మల్కాజ్‌గిరి అపార్ట్‌మెంట్లలో ఉండేలాంటి గదే. 10 బై 10. నేలంతా టైల్స్, పుట్టీ పెట్టి నున్నగా చేసిన గోడలు, ఒక పక్క ఇనుప బీరువా. మధ్యలో నిలబడి గట్టిగా ఒక్క చప్పట కొట్టాను. చప్పుడు అయిపోయాక కూడా స్ప్రింగు లాగి వదిలినట్టు సన్నగా "ట్ర్ర్ర్" అని ఒక తోక మిగిలింది. ఎదురెదురు గోడల మధ్య శబ్దం బంతిలా తిరుగుతోందన్నమాట. బీరువా తలుపు కూడా సన్నగా మోగింది. వాడి పాటలో మాటల్ని మింగేస్తున్నది ఆ తోకే.

ఇది తెలుగుకి బాగా తగిలే దెబ్బ. పాటలో బలమంతా అచ్చులది, అర్థమంతా హల్లులది. "బ"కీ "భ"కీ తేడా పెదవుల దగ్గర వచ్చే చిన్న గాలి. "ల"కీ "ళ"కీ తేడా నాలుక మడత. ఇవన్నీ రెప్పపాటులో అయిపోయే సన్నని చప్పుళ్లు. ముందు అక్షరంలోని "ఆ" గోడలకి తగిలి తిరిగొచ్చి, సరిగ్గా తర్వాతి హల్లు మీద పడితే ఆ హల్లు మునిగిపోతుంది. మైకు ఎంత ఖరీదైనదైనా మునిగినదాన్ని పైకి తీయలేదు. పైగా ఆ మునకని ఇంకా వివరంగా రికార్డు చేసి పెడుతుంది.

అందుకే నా ఓటు గదికే. ఊరికే అనడం లేదు, ఆ సాయంత్రం ఇద్దరం పరీక్ష పెట్టి చూశాం. నా ఏటీ2020 మైకు కిందికి తెచ్చాను. అది కండెన్సర్ (కరెంటు ఇస్తేనే పనిచేసే, సన్నని చప్పుళ్లనీ పట్టే రకం), వాడి దగ్గరున్నది డైనమిక్ (కరెంటు అక్కర్లేని గట్టి రకం). కొత్తవి కొంటే రెండూ 10 వేలకి అటూ ఇటూ. "పెద్ద భవనం పక్కన శంఖం ఊదిన శబ్దం" అని ఒక వాక్యం కట్టుకుని, ఖాళీ గదిలో రెండు మైకుల మీదా చదివించాను. తర్వాత మంచం మీది పత్తి పరుపు తీసి వాడి వీపు వెనక గోడకి నిలబెట్టి, పక్కన తీగ మీద రెండు బొంతలు మడతపెట్టి వేలాడేసి, అదే వాక్యం మళ్లీ చదివించాను. నాలుగు ముక్కలనీ ఒకే వాల్యూమ్‌కి తెచ్చి హెడ్‌ఫోన్స్‌లో విన్నాం. ఖాళీ గదిలో కండెన్సర్ మీద "శంఖం"లో ఒత్తు పోయి "శంకం" అయింది. బొంతల మధ్య పాత డైనమిక్ మీద ఒత్తు ఒత్తుగానే వినపడింది. కుర్రాడు మూడుసార్లు వెనక్కి తిప్పి విన్నాడు.

పరుపు వీపు వెనకే ఎందుకంటే, మనం వాడే మైకుల్లో చాలావరకు కార్డియాయిడ్ రకం. ముందువైపు బాగా వింటాయి, వెనకవైపు బాగా తక్కువ. మైకు ముందు ఉన్నది మీరు, మీ వెనకున్న గోడ. అంటే మైకు చూస్తున్నది ఆ గోడనే. అయినా చాలామంది మైకు వెనకాల ఫోమ్ షీల్డు పెట్టి, వీపు వెనక గోడని ఖాళీగా వదిలేస్తారు. డబ్బు తక్కువుంటే మొదటి మెత్తటి వస్తువు మీ వెనకే పెట్టండి.

దూరం సంగతి ఇంకా ముఖ్యం, దానికి పైసా ఖర్చు లేదు. జానెడు దూరం నుంచి మూరెడుకి జరిగితే నేరుగా వచ్చే గొంతు 6 డెసిబెల్స్ (శబ్దం బలానికి కొలత) పడిపోతుంది. గదిలో తిరిగే ప్రతిధ్వని మాత్రం దాదాపు అలాగే ఉంటుంది. వెనక్కి జరిగేకొద్దీ మీరు తగ్గి గది పెరుగుతుంది. డైనమిక్ మైకు గదిని పట్టదు అని అందరూ అనే మాటకి అసలు కారణం కూడా చాలావరకు ఇదే. దాన్ని బెత్తెడు దూరంలో పెట్టుకుని పాడతాం, కండెన్సర్‌ని మూరెడు దూరంలో పెడతాం. రెండిటినీ ఒకే దూరంలో పెట్టి, వాల్యూమ్ సమం చేసి వినండి, గది రెండిటిలోనూ ఇంచుమించు ఒకేలా వినిపిస్తుంది. డైనమిక్‌లో పైస్థాయి శబ్దాలు కొంచెం తగ్గుతాయి కాబట్టి ప్రతిధ్వనిలోని గరుకుదనం కాస్త మెత్తబడుతుంది, అంతే. ఎస్‌ఎమ్58 పట్టేది 50 హెర్ట్జ్ (అంటే సెకనుకి 50 కంపనలు) నుంచి 15 వేల హెర్ట్జ్ వరకు. ఏటీ2020 20 వేల దాకా వెళ్తుంది. "స", "శ"ల మెరుపులో ఆ తేడా తెలుస్తుంది.

అయితే మరీ దగ్గరికి వెళ్తే రెండు ఇబ్బందులు. కార్డియాయిడ్ మైకుల్లో దగ్గరయ్యేకొద్దీ మంద్రం ఉబ్బుతుంది, మగగొంతు గుంయ్‌మంటుంది. రెండోది "ప", "ఫ", "భ"ల గాలి నేరుగా మైకు మీద కొట్టి "ధబ్" మంటుంది. మైకుని నోటికి ఎదురుగా కాకుండా పెదవుల మూలకి కొంచెం పక్కగా పెట్టి, గొంతు వైపు తిప్పి, మధ్యలో గాలిని ఆపే తెర, అంటే పాప్ ఫిల్టర్ పెడితే చాలావరకు పోతుంది. నేనైతే కండెన్సర్‌కి జానెడు, డైనమిక్‌కి బెత్తెడు దగ్గర మొదలుపెడతాను.

ఇప్పుడు గది సర్దుకున్నాక ఏ మైకు? రోడ్డు పక్క ఇల్లైతే, కింద సంపు మోటారు మీ ఇష్టంతో పని లేకుండా మోగేదైతే, మీరు గట్టిగా పాడేవాళ్లైతే డైనమిక్ తీసుకోండి. బెత్తెడు దూరంలో పాడతారు కాబట్టి బయటి గోల కింద ఉండిపోతుంది. ఒక్క సంగతి చూసుకోండి. డైనమిక్‌కి ఇంటర్‌ఫేస్‌లో (మైకుని కంప్యూటర్‌కి కలిపే పెట్టెలో) గెయిన్, అంటే శబ్దాన్ని పెంచే బలం, ఎక్కువ కావాలి. ఎస్‌ఎమ్7బీ లాంటిదైతే సుమారు 60 డెసిబెల్స్ అడుగుతుంది, చిన్న ఇంటర్‌ఫేస్ అక్కడ ఆయాసపడి "స్‌స్‌" మని సొద పెడుతుంది. మెల్లగా కథలు చదివేవాళ్లు, లాలిపాటలు, పద్యాలు పాడేవాళ్లు, రాత్రి ఫ్యాన్ ఆపుకుని కూర్చోగలిగినవాళ్లు కండెన్సర్ కొనుక్కోండి. ఇంటర్‌ఫేస్‌లో కేబుల్ ద్వారా మైకుకి కరెంటు ఇచ్చే 48 వోల్టుల ఫాంటమ్ పవర్ ఉండాలని మర్చిపోవద్దు. నేను కథలు చదువుతాను, నాకు కండెన్సరే నచ్చుతుంది. మా తమ్ముడికి మాత్రం ఉన్న డైనమిక్ చాలు.

గదికి ఏం వాడాలన్నది అసలు చర్చ. గోడకి అతికించే అంగుళం మందం ఫోమ్ ముక్కలు నేనూ మొదట్లో కొన్నాను. అమ్మినాయన గది సౌండ్‌ప్రూఫ్ అయిపోతుందన్నాడు. రోడ్డు చప్పుడు ఒక్క పిసరు కూడా తగ్గలేదు, ఎందుకంటే ఫోమ్ శబ్దాన్ని ఆపదు, లోపలి ప్రతిధ్వనిని మాత్రం కొంత పీలుస్తుంది. అదీ పైస్థాయిదే. 500 హెర్ట్జ్ శబ్దానికి అల పొడవు సుమారు 69 సెంటీమీటర్లు, దాని ముందు అంగుళం ఫోమ్ ఎంత? పైమెరుపు పోయి, కింద గుంయ్‌మనేది మిగిలి, గొంతు డబ్బాలోంచి వచ్చినట్టయింది. కోడిగుడ్ల అట్టల గురించి అడగనే వద్దు, వాటి వల్ల లాభం లేదు.

బొంత దీనికంటే నయం. పాత చీరలు పొరలు పొరలుగా వేసి కుట్టింది కాబట్టి బరువు ఉంటుంది. గోడకి ఆనించకుండా జానెడు ఖాళీ వదిలి వేలాడేస్తే ఇంకా కిందిస్థాయి వరకు పీలుస్తుంది. పత్తి పరుపు అంతకంటే మేలు, మందం ఉంది కదా. అన్నిటికంటే బాగా పనిచేసేది రాతిని కరిగించి తీసిన పీచు, రాక్‌వూల్. 2 అంగుళాల మందం, ఘనపు మీటరుకి 48 కిలోల సాంద్రత ఉన్న పలకలు తీసుకుని, చెక్క ఫ్రేములో పెట్టి, గాలి ఆడే గుడ్డ చుట్టి, గోడకి 2 అంగుళాల ఎడం ఇచ్చి నిలబెట్టాలి. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో హార్డ్‌వేర్, ఇండస్ట్రియల్ సామాన్ల షాపుల్లో వాకబు చేయండి. కోసేటప్పుడు గ్లవ్స్, మాస్క్ తప్పనిసరి, చర్మానికి దురద పెడుతుంది. అద్దె ఇల్లైతే గోడకి మేకు కొట్టకుండా నేల మీదే నిలబెట్టొచ్చు, ఇల్లు మారితే వెంట తీసుకెళ్లొచ్చు. నాలుగు పలకలు చేసుకోగలిగితే నేను దానికే ఓటేస్తాను. డబ్బు లేకపోతే బొంతలు, పరుపుతో మొదలుపెట్టడంలో తప్పేం లేదు.

10 బై 10 గదికి ఇంకో తిరకాసు ఉంది. పొడవు, వెడల్పు సమానం కాబట్టి సుమారు 56 హెర్ట్జ్ దగ్గర, దాని రెట్టింపు 112 దగ్గర గది తానే మోగుతుంది. 112 అంటే మగగొంతు తిరిగే చోటే. సరిగ్గా నడిమధ్యన గానీ మూలన గానీ నిలబడకుండా, అటూ ఇటూ జరుగుతూ "ఊ" అని పలికి, గుంయ్‌మనడం ఎక్కడ తక్కువగా ఉందో అక్కడ స్టాండు పెట్టుకోండి. ఇనుప బీరువాకి దూరంగా ఉండండి, లేదా దాని మీద దుప్పటి కప్పండి.

బయటి చప్పుళ్లకి మందు తక్కువ, వేళ చూసుకోవడమే. కూరగాయల బండి స్పీకర్, కుక్కర్ విజిల్స్, రైలు కూత అన్నీ సద్దుమణిగేసరికి మా దగ్గర రాత్రి 11 అవుతుంది. మైకు వీపు కిటికీ వైపు, మీ ముఖం కూడా కిటికీ వైపు ఉండేలా నిలబడితే మైకు తక్కువ వినే దిక్కున రోడ్డు పడుతుంది. మగగొంతుకి 80 హెర్ట్జ్ దగ్గర "లో కట్" (అంతకంటే కిందివి కోసేసే ఫిల్టర్) పెడితే దూరపు గుంయ్ పోతుంది. నాయిస్ తీసేసే సాఫ్ట్‌వేర్‌ని కొద్దిగానే వాడండి. ఎక్కువ వాడితే "భ"లో గాలిని కూడా చప్పుడే అనుకుని కోసేస్తుంది.

రికార్డింగ్ లెవెల్ 24 బిట్‌లో, గట్టిగా పాడే చోట మీటర్ మీద మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆగేలా పెట్టుకుంటే చాలు. ఎరుపు దాకా తోయక్కర్లేదు.

తమ్ముడు మైకు కొనడం మానుకుని, కోఠి గుజరాతీ గల్లీలో గట్టి స్టాండు, పాప్ ఫిల్టర్ తెచ్చుకున్నాడు. మిగిలింది రాక్‌వూల్‌కి పక్కన పెట్టాడు. ఎండాకాలం కదా, ఫ్యాన్ ఆపి ఒక్కో చరణం పాడి, వేసుకుని చెమట తుడుచుకుని, మళ్లీ ఆపి పాడుతున్నాడు. నిన్న రాత్రి పంపిన పాటలో "భ" వచ్చిన ప్రతిచోటా "భ"యే వినపడింది.