నీరసానికి అమైనో పౌడరా, రక్త పరీక్షా?

హనుమకొండలో ఒక మెడికల్ షాపు ముందు మా వదిన పౌడర్ డబ్బా చూపించి, "ఇది తాగితే ఓపిక వస్తదంట, తీసుకోనా?" అంది. ముందు రక్త పరీక్ష చేయించుకోమన్నాను.

డబ్బాలో ఉన్నది బీసీఏఏ అనే మూడు అమైనో ఆమ్లాలు (ప్రొటీన్ తయారయ్యే చిన్న ముక్కలు). అంటే లూసిన్, ఐసోలూసిన్, వాలిన్. తిండి ద్వారానే అందాల్సిన 9 అమైనో ఆమ్లాల్లో ఇవి మూడే. గట్టి వ్యాయామం తర్వాత ఒళ్లునొప్పులు కాస్త తగ్గొచ్చని కొన్ని ప్రయోగాల్లో కనిపించింది. రోజంతా ఉండే నీరసం సంగతి వేరు. వ్యాయామం తర్వాత కండరాల అలసట త్వరగా తీరుతుందన్న మాటకే ఆధారం చాలదని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2010లో చెప్పింది. పైగా పప్పు, గుడ్డు, పెరుగులో ఇవి ఎలాగూ ఉంటాయి.

పరీక్ష వైపు ఆధారం గట్టిది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. హిమోగ్లోబిన్ బాగున్నా ఐరన్ నిల్వ, అంటే ఫెరిటిన్, తక్కువ ఉండొచ్చు. అలాంటి 198 మంది మహిళలపై 2012లో వచ్చిన అధ్యయనంలో, 12 వారాలకు ఐరన్ వేసుకున్నవాళ్ల అలసట సుమారు 48 శాతం తగ్గింది. మందు లేని ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లకు కూడా 29 శాతం తగ్గింది! పౌడర్ "పనిచేసింది" అనేవాళ్ల అనుభవంలో ఈ 29 వాటా ఎంతో.

థైరాయిడ్, షుగర్, బీ12 కూడా చూపించుకోవాలి. అన్నీ నార్మల్ వస్తే నిద్ర, టెన్షన్ గురించి డాక్టర్‌తో మాట్లాడాలి. పరీక్ష లేకుండా ఐరన్ మాత్రలు మాత్రం వద్దు.

వదిన డబ్బా పక్కన పెట్టి, "మరి సూది గుచ్చుతరు కదా" అంది.