పెద్ద బండా, చిన్న బండా? నౌపడ జంక్షన్, నలభై ఏళ్ళ వాడకం తర్వాత

మాది శ్రీకాకుళం జిల్లాలో సంతబొమ్మాళి వైపు పల్లె. మాకు స్టేషన్ అంటే నౌపడే. ఆరేళ్ళప్పుడు మొదటిసారి ఎక్కాను, మొన్న సంక్రాంతికి కూడా ఎక్కాను. మధ్యలో ఎన్నిసార్లో లెక్కలేదు, కాబట్టి దీని గురించి నాలుగు ముక్కలు రాసే హక్కు నాకుందనుకుంటున్నాను. ముందే చెప్పేస్తున్నా, ఇక్కడ చూడటానికి గొప్ప రాతి కట్టడమో గడియార స్తంభమో ఉంటుందని ఫోటోల కోసం వచ్చేవాళ్ళు రావద్దు. ఇక్కడ మిగిలింది వేరే రకం సరుకు.

నా చిన్నప్పుడు ఇక్కడ టీ కొట్టు దగ్గర ఎవరు నిలబడినా అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే, "ఏటి బావూ, పెద్ద బండా సిన్న బండా?" పెద్ద బండి అంటే హౌరా మద్రాసు మెయిన్ లైను మీద పోయేది, చిన్న బండి అంటే టెక్కలి, టెంబూరు, పాతపట్నం, పర్లాకిమిడి మీదుగా గుణుపురం దాకా పోయే నేరోగేజి రైలు. పెద్దదాని పట్టాల మధ్య వెడల్పు, అంటే గేజి, 1,676 మిల్లీమీటర్లు, చిన్నదానికి 762, అంటే సగం కూడా లేదు. పెట్టెలో ఎదురెదురుగా కూర్చుంటే మోకాళ్ళు తగిలేవి, ఎవరి గంపలో ఏముందో అందరికీ తెలిసిపోయేది, పనసకాయ వాసన వస్తే గుణుపురం వైపు నుంచి వస్తున్న మనిషి అని అర్థం.

అమ్మమ్మగారి ఊరు పాతపట్నం. నీలమణి దుర్గ అమ్మవారి జాతరకి వెళ్ళాలంటే ఈ బండే. బొగ్గు ఇంజను, తెల్ల చొక్కా వేసుకుంటే దిగేసరికి బూడిద రంగు. అప్పట్లో గుణుపురం చివరిదాకా పోవాలంటే అయిదు గంటలదాకా పట్టేది. దూరం ఎంతనుకున్నారు, 90 కిలోమీటర్లు!

ఈ లైను వేసింది కంపెనీ కాదు, సర్కారు కాదు, పర్లాకిమిడి జమీందారు. 1890లలో తూర్పు తీరం వెంట పెద్ద లైను పడింది, కానీ అది పర్లాకిమిడికి దాదాపు 40 కిలోమీటర్ల దూరం నుంచి పోయింది. అంత దూరం బండ్లు కట్టుకుని వచ్చి రైలెక్కడం ఏమిటని రాజావారు సొంత లైను వేయించుకున్నారు, సుమారు 7 లక్షల రూపాయల ఖర్చుతో. నేరోగేజి ఎందుకంటే చవక, ఒంపులు బిగువుగా తిప్పొచ్చు, వంతెనలు చిన్నవి సరిపోతాయి. 1900 ఏప్రిల్ 1న బండి మొదలైంది. మొదటి పదేళ్ళు నష్టాలేనట, తర్వాత మెల్లగా కోలుకుని 1920లలో లాభాలు బాగా రావడంతో కృష్ణచంద్ర గజపతి హయాంలో 1929, 1931లలో రెండు ముక్కలుగా గుణుపురం దాకా పొడిగించారు. ఈయనే 1937లో ఒడిశాకి మొదటి ప్రధానిగా (అప్పట్లో ముఖ్యమంత్రిని అలాగే అనేవాళ్ళు) చేసినాయన. లైను మొదలైనప్పుడు పర్లాకిమిడి కూడా మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లాయే, వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు అప్పటికి అక్కడే పాఠాలు చెబుతున్నారు. 1936లో ఒడిశా వేరు పడినప్పుడు పర్లాకిమిడి అటుపోయింది, పాతపట్నం ఇటు మిగిలింది, పంతులుగారు పర్లాకిమిడి వదిలి రాజమండ్రి వెళ్ళిపోయారు. రైలు మాత్రం ఎవరి పక్షమూ తీసుకోలేదు, మహేంద్రతనయ ఏటికి ఇవతలా అవతలా అదే టికెట్టు మీద తిరిగింది. మా అమ్మమ్మకి చివరిదాకా పర్లాకిమిడి వేరే రాష్ట్రం అనే ధ్యాసే లేదు, కూరగాయలకి వెళ్ళొచ్చినట్టు వెళ్ళొచ్చేది.

నౌపడకి అసలు కళ తెచ్చింది ఈ గేజి తేడానే అని నా అభిప్రాయం. చిన్న వ్యాగను పెద్ద పట్టాల మీదికి పోదు కదా, కాబట్టి అటు నుంచి వచ్చిన ధాన్యం, కలప, చింతపండు ఏదైనా ఇక్కడ దింపి మళ్ళీ ఎక్కించాల్సిందే. మనుషులకీ అంతే. దాంతో కూలీలకి పని, హోటలుకి బేరం, మాలాంటి పిల్లలకి కాలక్షేపం. పెద్ద బండి లేటైతే చిన్న బండి ఆగుతుందా ఆగదా అన్న టెన్షన్ ఒకటి ఉండేది చూడండి, అది ఇప్పటి పిల్లలకి చెప్పినా ఎక్కదు. ఒకసారి మా నాన్న అట్లే ఆశగా ఇడ్లీ తినడానికి కూర్చున్నాడు, చేతిలో ఆకు ఉండగానే చిన్న బండి కూత వేసింది. అమ్మా నేనూ బండిలో, ఆయన హోటల్లో. మేం టెక్కలిలో దిగి కూర్చుంటే ఆయన ఎవరి సైకిలో అడిగి తెచ్చుకుని వచ్చాడు, చట్నీ మరకతో సహా. అమ్మ ఇప్పటికీ ఇడ్లీ పెట్టినప్పుడల్లా ఎత్తుతుంది.

తొంభైల మొదట్లో బొగ్గు పోయి డీజిలు వచ్చింది. 2004 జూన్‌లో గేజి మార్పిడి కోసం చిన్న బండి పూర్తిగా ఆపేశారు. ఆరేళ్ళు బస్సులే గతి. 2010 ఆగస్టులో పర్లాకిమిడి దాకా, మరుసటి ఏడు గుణుపురం దాకా బ్రాడ్‌గేజి బండ్లు మొదలయ్యాయి.

మరి మిగిలిందేమిటి అంటారా. దారి మిగిలింది. కొత్త లైను ఎక్కువగా పాత దారి వెంటే పోతుంది, ఆ స్టేషన్ పేర్లే అదే వరసలో వస్తాయి, కుడివైపు కూర్చుంటే దూరంగా మహేంద్రగిరి కొండల వరస అప్పటిలాగే కనిపిస్తుంది. నౌపడ చుట్టూ ఉప్పుమడులు మిగిలాయి, ఎండాకాలం తెల్లటి కుప్పలు కిటికీలోంచి చూస్తే కళ్ళు చిట్లించాల్సిందే. పేరు పక్కన జంక్షన్ అనే మాట మిగిలింది, అది మాకు పెద్ద గొప్ప. సరుకు దింపి ఎక్కించే పని మాత్రం పోయింది, దాంతోపాటు సగం సందడీ పోయింది. పూరీ నుంచి, విశాఖ నుంచి గుణుపురానికి నేరుగా బండ్లున్నప్పుడు నౌపడలో దిగే పనేముంది?

వాడేవాడిగా నిజం చెప్పాలంటే కొత్త బండే మేలు. పాతదాంట్లో పట్టే టైములో సగంలో చేరుస్తుంది, పైన కరెంటు తీగలు కూడా పడ్డాయి, కంట్లో నలుసు పడే బాధ లేదు. పాత బండి పోయిందని ఏడ్చేవాళ్ళలో చాలామంది దాంట్లో మే నెల మధ్యాహ్నం గుణుపురం దాకా ప్రయాణం చేయలేదని నాకు గట్టి అనుమానం. ఒక్క విషయంలో పాతదే నయం, ఎక్కడం. చిన్న బండి మెట్టు దాదాపు నేలకే ఉండేది, ముసలివాళ్ళు కూడా గంపతో ఎక్కేసేవాళ్ళు. ఇప్పుడు ప్లాట్‌ఫాం ఎత్తు తక్కువున్న చోట పెద్ద పెట్టె ఎక్కాలంటే మా అమ్మకి ఇద్దరు సాయం పట్టాలి, ఆ లైనులోనే ఒక చిన్న స్టేషన్లో ఆవిడ చెప్పు జారి పట్టాల మీద పడితే నేను దిగి, బండి కదిలిపోయాక తీశాను, ఆవిడ లోపల, నేను కింద, మళ్ళీ ఇడ్లీ కథే.

కొత్తగా వెళ్ళేవాళ్ళకి సలహాలంటే మూడే. బండ్లు తక్కువ, కాబట్టి టైము ముందురోజే చూసుకోండి. తిండి, నీళ్ళు వెంట పెట్టుకోండి. వీలైతే పొద్దున బండి పట్టుకోండి, ఉప్పుమడుల మీద ఎండ ఇంకా ఏటవాలుగా ఉంటుంది.

స్టేషన్‌గా అయిదుకి మూడున్నర ఇస్తాను, లైనుకి నాలుగు. మొన్న టికెట్టు తీసుకుని బయటికొస్తే టీ కొట్టు కుర్రాడు ఫోనులోంచి తలెత్తకుండానే "వైజాగా, గుణుపురమా?" అన్నాడు. నోటికి అలవాటైపోయి "చిన్న బండి" అన్నాను. వాడికి అర్థం కాలేదు, పక్కన బల్ల మీద కూర్చున్న ముసలాయన "గుణుపురంరా" అని చెప్పాడు.