ఒరాకిల్, పోస్ట్‌గ్రెస్: రెండూ ఏళ్ల తరబడి వాడాక

మాదాపూర్‌లో మా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చాలా ఏళ్లు ఒరాకిల్ అనే డేటాబేస్ మీద నడిచింది. తర్వాత లైసెన్సు ఖర్చు లేని పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌కి మార్చాం. రెండింటినీ రోజూ చూసుకున్న డీబీఏ (డేటాబేస్ అడ్మినిస్ట్రేటర్)గా నా మాట: మాలాంటి మధ్యస్థాయి కంపెనీకి పోస్ట్‌గ్రెస్ చాలు. కాకపోతే లైసెన్సు డబ్బు మిగిలింది కదా అని, దాన్ని చూసుకునే మనిషి విషయంలో కూడా పొదుపు చేస్తే దెబ్బతింటారు.

మార్చేటప్పుడు మాకు ఎక్కువ టైమ్ తిన్నవి ఖాళీ విలువలు. ఒరాకిల్‌కి ఖాళీ స్ట్రింగ్ (అక్షరాలేవీ లేని టెక్స్ట్) అన్నా, నల్ (విలువే లేదనే గుర్తు) అన్నా ఒకటే. పోస్ట్‌గ్రెస్‌లో వేర్వేరు. పైగా రెండు నిలువు గీతలు పెట్టి పేర్లు కలిపితే, ఒక్క భాగం నల్ అయినా పోస్ట్‌గ్రెస్ మొత్తం పేరునే నల్ చేస్తుంది. ఒరాకిల్ ఆ భాగాన్ని వదిలేసి మిగతాది ఇస్తుంది. మనవాళ్లలో మిడిల్ నేమ్ ఉండేది ఎంతమందికి? టెస్టింగ్‌లో బిల్లుల మీద సగానికి సగం పేర్లు మాయం! అలాంటి చోటల్లా నల్‌ని పట్టించుకోని కాన్‌క్యాట్ ఫంక్షన్ పెట్టాం.

ఇక వాక్యూమ్, అంటే టేబుల్లో పనికిరాని పాత వరుసల్ని ఊడ్చే పని. అప్‌డేట్ చేస్తే పోస్ట్‌గ్రెస్ పాత వరుసను టేబుల్లోనే ఉంచి కొత్తది రాస్తుంది. ఒరాకిల్ పాత విలువను విడిగా అన్‌డూ అనే చోట పెడుతుంది కాబట్టి అక్కడ ఈ గొడవ లేదు. పోస్ట్‌గ్రెస్‌లో ఆటోవాక్యూమ్ తనంతట తానే ఊడుస్తుంది, నిజమే. కానీ డీఫాల్ట్‌గా దాదాపు 20 శాతం వరుసలు చచ్చాకే కదులుతుంది. 10 కోట్ల వరుసల టేబుల్లో అంటే 2 కోట్లు పేరుకోవాలి. మా ఇన్‌వాయిస్ టేబుల్‌కి దాన్ని 1 శాతానికి దించాక రాత్రి రిపోర్టుల టెన్షన్ తగ్గింది. ట్రాన్సాక్షన్ (ఒకే కట్టగా జరిగే మార్పులు) తెరిచి కమిట్ (ఖాయం) చేయకుండా వదిలేసిన సెషన్లు కూడా వాక్యూమ్‌కి అడ్డుపడతాయి, వాటికి టైమ్‌అవుట్ తప్పనిసరి.

ఒరాకిల్‌లో నాకు ఇప్పటికీ లోటనిపించేది ఏడబ్ల్యూఆర్ రిపోర్ట్, అంటే డేటాబేస్ పనితీరును సమయంవారీగా చూపే నివేదిక. రాత్రి 2 గంటలకు ఏ క్వెరీ (డేటాబేస్‌ని అడిగే ప్రశ్న) మొరాయించిందో పొద్దున్నే కళ్ల ముందుంటుంది. అయితే అది ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్ మీద డయాగ్నస్టిక్స్ ప్యాక్ విడిగా కొంటేనే. పోస్ట్‌గ్రెస్‌లో క్వెరీల లెక్కలు ఉంచే పీజీ స్టాట్ స్టేట్‌మెంట్స్ అనే ఎక్స్‌టెన్షన్ మొత్తం లెక్కే చూపుతుంది. గంటలవారీగా కావాలంటే మనమే తీసి దాచుకోవాలి.

రిలీజ్ రోజు మాత్రం పోస్ట్‌గ్రెస్‌దే పైచేయి. టేబుల్ నిర్మాణాన్ని మార్చే ఆల్టర్ టేబుల్ కూడా ట్రాన్సాక్షన్‌లోనే నడుస్తుంది, తేడా వస్తే రోల్‌బ్యాక్ చేసి (వెనక్కి తిప్పి) హాయిగా ఇంటికెళ్లొచ్చు. ఒరాకిల్‌లో ఇలాంటి నిర్మాణం మార్చే ఆదేశం (డీడీఎల్) తనంతట తానే కమిట్ అయిపోతుంది.

ఒరాకిల్ సొంత ప్రోగ్రామింగ్ భాష పీఎల్ ఎస్‌క్యూఎల్‌లో రాసిన ప్యాకేజీల్లో (ప్రోగ్రాముల కట్టల్లో) లక్షల లైన్లున్నవాళ్లు తొందరపడొద్దు. పోస్ట్‌గ్రెస్‌లో ప్యాకేజీలు లేవు. ఓరా టు పీజీ అనే మార్పిడి టూల్ కొంత మార్చిపెడుతుంది, చిక్కు లాజిక్ అంతా చేత్తో తిరగరాయాల్సిందే.