ది బ్రేక్‌ఫాస్ట్ క్లబ్ మళ్ళీ చూస్తే హీరో మారిపోయాడు

1985లో వచ్చిన హాలీవుడ్ సినిమా ది బ్రేక్‌ఫాస్ట్ క్లబ్ ఇన్నేళ్ళకి మళ్ళీ చూశా. ఫస్ట్ టైమ్ హాస్టల్లో ఎవడో పెన్‌డ్రైవ్‌లో తెస్తే చూశాం, అప్పుడు రూమంతా బెండర్ గాడి ఫ్యాన్సే, ఆ కోటు, ఆ పొగరు, సారుకి ఎదురు తిరగడం, అబ్బో. ఇప్పుడు చూస్తే వాడు చాలా చోట్ల విసిగించాడు, అప్పుడు కామెడీ పీసు అనుకుని వదిలేసిన బ్రయన్ దగ్గర మాత్రం పాజ్ కొట్టి కాసేపు కూర్చుండిపోయా.

చూడనోళ్ళకి కథ ఏంటంటే, ఇల్లినాయ్ రాష్ట్రంలో షెర్మర్ అనే కల్పిత ఊరు, 1984 మార్చి 24, శనివారం. ఐదుగురు స్టూడెంట్లని పనిష్మెంట్ కింద సెలవు రోజు స్కూలుకి రప్పించి పొద్దున ఏడు నుంచి సాయంత్రం నాలుగు దాకా లైబ్రరీలో కూర్చోబెడతారు, అదే డిటెన్షన్. నేనెవర్ని అని వెయ్యి పదాల వ్యాసం రాయాలి, మాట్లాడకూడదు, సీట్లోంచి లేవకూడదు. డబ్బున్న పిల్ల క్లెయిర్, రెజ్లింగ్ ఆడే ఆండ్రూ, చదువుల బ్రయన్, ఎవరితోనూ కలవని అలిసన్, రౌడీ బెండర్. ఇక 97 నిమిషాలు ఎక్కువ భాగం వీళ్ళ మాటలే, ఫ్లాష్‌బ్యాక్ ఒక్కటీ లేదు, అయినా బోర్ కొట్టలేదంటే అది రాసి డైరెక్ట్ చేసిన జాన్ హ్యూస్ రాతే.

నాకు అప్పుడూ ఇప్పుడూ లంచ్ సీనే ఫేవరెట్. క్లెయిర్ తీసేది సుషీ, అంటే పచ్చి చేపా అన్నంతో చేసే జపాన్ వంటకం, ఆ రోజుల్లో అమెరికాలో స్కూలుకి సుషీ తెచ్చుకుందంటే ఇంట్లో డబ్బు ఏ లెవెల్లో ఉందో అర్థం చేసుకోండి, ఆండ్రూ సంచిలోంచి సాండ్‌విచ్‌లు, చిప్స్, పాలు, పళ్ళు ఒకదాని తర్వాత ఒకటి తీస్తానే ఉంటాడు, అలిసన్ సాండ్‌విచ్‌లోంచి మాంసం ముక్క పీకి పైకి విసిరితే అది అక్కడున్న విగ్రహానికి అతుక్కుంటుంది, దాని బదులు చక్కెర పొడీ కార్న్‌ఫ్లేక్స్ లాంటి కరకరలాడే సీరియలూ కూరుకుని తింటుంది. బ్రయన్‌కి సూపు, జ్యూసు, అంచులు కోసేసిన సాండ్‌విచ్. బెండర్‌కి ఏమీ లేదు. వాడు బ్రయన్ ఇంట్లో అమ్మానాన్న ఎంత ముద్దుగా మాట్లాడుకుంటారో మిమిక్రీ చేస్తాడు, మీ ఇంట్లో ఎలా అని అడిగితే అదీ చేసి చూపిస్తాడు, ఆ తర్వాత చేతి మీద సిగార్‌తో కాల్చిన మచ్చ, గ్యారేజ్‌లో పెయింట్ ఒలికినందుకట. ఎవరి బతుకేంటో తిండి చూపించి చెప్పేశాడు డైరెక్టరు.

అంతమాత్రాన బెండర్ క్లెయిర్‌ని ఏడిపించే తీరుని మాఫ్ చేయలేం. మొదట్నుంచీ ఆ పిల్ల మీద బూతు జోకులే, వాడు టేబుల్ కింద దాక్కుని ఆమె స్కర్ట్‌లోకి తొంగిచూసే షాటైతే మరీ దరిద్రం. చివరికి ఆ అమ్మాయే వెళ్ళి ముద్దుపెట్టి చెవి కమ్మ తీసిస్తుంది. వెంటపడి వేధిస్తే లవ్ పుడుతుందనే సినిమాలు మనం ఎన్ని చూడలేదు, కాకపోతే ఇంత తెలివిగా రాసిన సినిమాలో కూడా అదే ఉంటే ఇంకా కాలుతుంది. క్లెయిర్‌గా చేసిన మాలీ రింగ్‌వాల్డే తన పదేళ్ళ కూతురితో కలిసి చూశాక 2018లో న్యూయార్కర్ మ్యాగజైన్‌లో దీని మీద పెద్ద వ్యాసం రాసింది. షూటింగ్ అప్పుడు ఆమెకి 16, బెండర్‌గా చేసిన జడ్ నెల్సన్‌కి 24. ఆ టేబుల్ కింద షాటు ఆమె మీద తీయలేదు, పెద్ద వయసున్న డూప్‌ని పెట్టారు. అలాగని సినిమా మొత్తాన్ని ఆమె చెత్తబుట్టలో వేయలేదు, అది నాకు నచ్చింది.

ఇక బ్రయన్. ఈజీగా మార్కులొస్తాయని వర్క్‌షాప్ క్లాసు తీసుకుంటాడు, ఏనుగు బొమ్మ ల్యాంపు చేయాలి, తొండం లాగితే బల్బు వెలగాలి, వెలగదు, ఎఫ్ గ్రేడు, అంటే ఫెయిల్. బెండర్ నవ్వుతాడు, బ్రయన్ ట్రిగనామెట్రీ లేకపోతే ఇంజనీరింగే లేదంటాడు, ల్యాంపుల్లేకపోతే వెలుతురే లేదంటాడు బెండర్. ఇక్కడిదాకా నవ్వే. తర్వాత ఆ ఒక్క ఎఫ్‌కే వాడు స్కూల్‌కి గన్ తెచ్చుకున్నాడని తెలుస్తుంది, తీరా అది సిగ్నల్ కోసం మంట వదిలే ఫ్లేర్ గన్ అనీ, లాకర్లోనే పేలిందనీ చెప్తే అందరూ పగలబడి నవ్వుతారు, వాడూ నవ్వుతాడు. హాస్టల్లో మేమూ నవ్వాం. మార్కుల మధ్య ఇంటర్ చదివినోళ్ళకి ఇప్పుడు అక్కడ నవ్వు రావడం కష్టం.

సోమవారం మనం స్కూల్లో కనపడితే పలకరించుకుంటామా అని అడిగేదీ వాడే. క్లెయిర్ నిజం చెప్పేస్తుంది, పలకరించుకోం అని. ఆఖర్న క్లెయిర్, బెండర్ ఒక జంట, ఆండ్రూ, అలిసన్ ఒక జంట, మిగిలిన వాడికి ఏం మిగిలింది? ఐదుగురి వ్యాసం! నువ్వు బాగా రాస్తావురా అని పొగిడి అంటగట్టేస్తారు. గ్రూప్ ప్రాజెక్టు మొత్తం ఒక్కడి నెత్తిన పడటం అంటే ఇదే, సినిమా మాత్రం దాన్ని హ్యాపీ ఎండింగ్‌లా చూపిస్తుంది.

అలిసన్ మేకోవర్ గురించి ఎక్కువ రాయను. ఐదుగురిలో విచిత్రమైన పిల్లని, జుట్టు మీది చుండ్రుతో తను గీసిన బొమ్మలో మంచు కురిపించిన పిల్లని, కాటుక తుడిచి రిబ్బన్ కట్టి అందరిలాంటి పిల్లని చేసేశారు, అప్పుడు గానీ ఆండ్రూ సరిగ్గా చూడడు. దండగ.

వీళ్ళని డిటెన్షన్‌లో కూర్చోబెట్టిన వెర్నన్ సారు అప్పుడు వట్టి విలన్. ఇప్పుడేమో కింద బేస్‌మెంట్‌లో జానిటర్ కార్ల్‌తో కూర్చుని, రేపు నేను ముసలోణ్ణయ్యాక దేశాన్ని నడిపేది ఈ పిల్లలే కదా అని దిగులుపడే సీను బాగా పట్టింది. అన్నట్టు మొదట్లో చూపించే గోడ ఫొటోలు జాగ్రత్తగా చూడండి, ఆ కార్ల్ కూడా ఇదే స్కూల్లో 1969లో మ్యాన్ ఆఫ్ ద ఇయర్.

సింపుల్ మైండ్స్ బ్యాండు పాడిన పాట ఇంకా బాగుంది, మధ్యలో డాన్స్ మాత్రం ఓల్డ్ అయిపోయింది. ఆ లైబ్రరీ నిజం లైబ్రరీ కాదు, ఇల్లినాయ్‌లోనే డెస్ ప్లెయిన్స్ అనే ఊళ్ళో మూతబడ్డ ఒక స్కూలు జిమ్‌లో వేసిన సెట్టు. నా రేటింగ్ 5కి 3.5. సబ్‌టైటిల్స్ పెట్టుకోండి, గొణుగుళ్ళు ఎక్కువ. బూతులూ గంజాయి సీనూ ఉన్నాయి కాబట్టి చిన్న పిల్లలతో వద్దు, పదో క్లాసు దాటినోళ్ళు ఇంట్లో ఉంటే కలిసి చూడొచ్చు, టేబుల్ కింద సీను వచ్చినప్పుడు ఫార్వర్డ్ చేయకుండా దాని గురించి నాలుగు మాటలు మాట్లాడుకుంటే ఇంకా మంచిది.