టూల్ సెట్టర్ కొనడానికి రాణిగంజ్ వెళ్తున్నారా? మల్టీమీటర్ వెంట పెట్టుకెళ్ళండి

పోయిన నెల సికింద్రాబాద్ రాణిగంజ్‌లో ఒక షాపులో రూ.1,900 పెట్టి టూల్ సెట్టర్ కొన్నాను. బిట్ కిందికి దిగి దీని బటన్‌ను నొక్కితే, ఆ బిట్ ఎంత పొడవో మెషీన్‌కు తెలుస్తుంది. ఇంట్లో 3018 అనే చిన్న సీఎన్‌సీ (కంప్యూటర్ చెప్పినట్టు చెక్కే మెషీన్) మీద పీసీబీలు, అంటే ఎలక్ట్రానిక్ సర్క్యూట్ బోర్డులు, చెక్కుకుంటాను. గీతలు చెక్కే వీ-బిట్ తీసి రంధ్రాలు వేసే డ్రిల్ పెట్టిన ప్రతిసారీ కొత్త బిట్ పొడవు మెషీన్‌కు తెలియాలి కదా. ఇన్నాళ్ళూ బిట్ కింద కాగితం ముక్క పెట్టి, అది ఇరుక్కునేదాకా దించుతూ జీరో చూసుకునేవాణ్ణి. విసుగొచ్చి దీన్ని కొన్నాను.

పెట్టె మీద 'ఎన్‌సీ' (నార్మల్లీ క్లోజ్డ్) అని ఉంది. అంటే సర్క్యూట్ ఎప్పుడూ కలిసే ఉంటుంది, బిట్ వచ్చి బటన్ నొక్కితే విడిపోతుంది. దానికి తగ్గట్టు మెషీన్‌ను నడిపే జీఆర్‌బీఎల్ సాఫ్ట్‌వేర్‌లో, సెట్టర్ సిగ్నల్‌ను తిరగేసి చదివే డాలర్ 6 సెట్టింగ్‌ను 1 చేశాను. బటన్ తగిలేదాకా బిట్‌ను దించే ప్రోబ్ కమాండ్ ఇవ్వగానే అలారం 4 వచ్చింది. ఎవరూ ముట్టుకోకుండానే నొక్కినట్టు చూపిస్తోంది. షాపాయనకు ఫోన్ చేస్తే, "అట్లనే వస్తది సార్, ఆ సెట్టింగ్ల సున్నా పెట్టుండ్రి, నడుస్తది" అన్నాడు. నడిచింది కూడా. పెట్టె మీద ఒకటి, లోపల ఇంకొకటి అని అప్పుడే అనుమానం రావాల్సింది. పనవుతోంది కదా అని వదిలేశాను, అది నా తప్పే.

పదకొండో రోజు వైరు తెగింది. 3018లో బెడ్ ముందుకూ వెనక్కూ కదులుతుంది, దాంతోపాటే సెట్టర్ వైరూ వంగుతుంది. ఈ వైరేమో దారమంత సన్నం. సెట్టర్ ఎన్‌సీ అయ్యుంటే వైరు తెగినా బటన్ నొక్కినా మెషీన్‌కు ఒకటే, అలారం ఇచ్చి అక్కడే ఆగిపోయేది. నాకు అంటగట్టింది ఎన్‌ఓ (నార్మల్లీ ఓపెన్), అంటే బటన్ నొక్కితేనే సర్క్యూట్ కలుస్తుంది. వైరు తెగితే ఇంకా ఎవరూ నొక్కలేదనుకుని దిగుతూనే పోతుంది. జీ38.2 అనే ఆ ప్రోబ్ కమాండ్‌ను నిమిషానికి 100 మి.మీ. వేగంతో ఇచ్చాను. బటన్ లోపలికి వెళ్ళేది 5 మి.మీ., అంటే మూడు సెకన్లు. సంగతి అర్థమై స్విచ్ మీదికి చెయ్యి పోయేలోపే బిట్ టప్పున విరిగింది, మోటారు స్టెప్పులు తప్పి గరగరలాడింది. విరిగిన ముక్క నా కళ్ళద్దాలకు తగిలింది. ఆ రోజు అవి పెట్టుకోవడం ఏదో అదృష్టం.

విప్పి చూస్తే లోపల కంప్యూటర్ మౌస్‌లో ఉండేలాంటి మైక్రోస్విచ్. బటన్ పక్కలకు ఊగుతోంది. కొత్త వైరు అతికించి, ఒకే బిట్‌ను కదపకుండా పదిసార్లు కొలిపించాను. రీడింగుల మధ్య తేడా 0.07 మి.మీ. వచ్చింది, పెట్టె మీద మాత్రం 0.005. బెడ్‌కు బిగించిన సెట్టర్ ఎత్తు ఎంతైనా ఫర్వాలేదు, అన్ని బిట్లనూ అక్కడే కొలుస్తాం కాబట్టి. కానీ ప్రతిసారీ బటన్ ఒకే చోట సిగ్నల్ ఇవ్వాలి. మామూలు పీసీబీ మీద రాగి పొరే 0.035 మి.మీ. ఇక ఈ సెట్టర్‌తో ఒకసారి రాగి తెగదు, ఇంకోసారి బోర్డు లోపలిదాకా దిగుతుంది.

వాపసు తీసుకోమంటే "విప్పేసిండ్రు కదా సార్" అన్నాడు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేద్దామంటే నా దగ్గర ఉన్నది తెల్లకాగితం చీటీ. బిల్లు అడిగి తీసుకోండి.

కౌంటర్ దగ్గరే మల్టీమీటర్‌ను, సర్క్యూట్ కలిసి ఉంటే మోగే బీప్ మీద పెట్టి, సెట్టర్ వైర్లకు తగిలించి చూడండి. బటన్ ముట్టుకోనప్పుడు మోగాలి, నొక్కితే ఆగాలి. ఇంటికొచ్చాక స్పిండిల్ (బిట్‌ను తిప్పే మోటారు) పైన గాల్లో ఉండగా ప్రోబ్ కమాండ్ ఇచ్చి బటన్‌ను వేలితో నొక్కండి, మెషీన్ ఆగాలి. తర్వాత వైరు పీకేసి మళ్ళీ కమాండ్ ఇవ్వండి. ఈసారి అసలు కదలకూడదు. ఈ రెండో పరీక్ష నేను చేసుంటే బిట్ మిగిలేది. 24 వోల్టుల సెట్టర్లు కూడా అదే కౌంటర్‌లో అమ్ముతున్నారు, ఆ వోల్టేజీ నేరుగా మెషీన్‌ను నడిపే ఆర్డునో పిన్‌కు పోతే ఆ బోర్డు కాలిపోతుంది.

ప్రస్తుతానికి మళ్ళీ కాగితం ముక్కే నాకు దిక్కు. బటన్ ఊగని ఎన్‌సీ సెట్టర్ మన నగరంలో ఎవరైనా కొనుంటే, ఎంతకు వచ్చిందో చెప్పండి.